మనోవర్తి డబ్బుకు చిట్టా ముఖ్యం: పిల్లల కోసం ఇచ్చేవారికీ, పుచ్చుకునేవారికీ

"చేతికే ఇచ్చాను మేడం. ఆవిడ అన్నయ్య చేతికి. ఇరవై రెండు నెలలు."

నా బల్ల ముందు నిలబడి ఈ మాట అన్న మనిషి అబద్ధమాడాడని నాకు ఇప్పటికీ అనిపించదు. లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బుకింగ్ గుమస్తా. నెలకు ఆరు వేల చొప్పున లక్షా ముప్పై రెండు వేలు. బావమరిది తనకేమీ అందలేదన్నాడు. ఆమె కూడా తన దాకా రాలేదంది. రసీదు లేదు, చూసినవాళ్లు లేరు. చివరికి ఆయన మొత్తం మళ్లీ కట్టాడు, వాయిదాల మీద, స్కూటరు అమ్ముకుని.

నేను కోర్టుల్లో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి, చివరి పదకొండేళ్లు ఒక జిల్లా కేంద్రంలోని కుటుంబ న్యాయస్థానంలో బెంచి గుమస్తాగా ఉండి రిటైరయ్యాను. వకీలును కాను కాబట్టి వాదనల జోలికి వెళ్లను. నా చేతిలో ఉన్నవి ఫైళ్లు. ఏ ఫైలు ఎందుకు నిలబడిందో, ఏది ఎందుకు చీకిపోయిందో మాత్రం చెప్పగలను. మనోవర్తి కేసుల్లో ఎక్కువ రభస చట్టం తెలియక కాదు, డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్లిందో కాగితం మీద లేకపోవడం వల్ల. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు చట్టం సంగతి త్వరగా ముగిస్తాను. మన దగ్గర 'ఎం.సి.' (మెయింటెనెన్స్ కేసు) నంబరు పడే మనోవర్తి కేసు ఇదివరకు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద వేసేవారు. 2024 జులై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్. మా దగ్గరకు వచ్చేవాళ్లు ఇప్పటికీ "నూట పాతిక కేసు" అనే అంటారు, మాకూ అర్థమవుతుంది. దీనికి మతంతో పని లేదు. ముస్లిం తల్లిదండ్రుల పిల్లలకూ ఈ హక్కు ఉందని సుప్రీంకోర్టు 1997లోనే తేల్చింది. తల్లిదండ్రులకు పెళ్లి జరగకపోయినా బిడ్డ హక్కు బిడ్డదే. విడాకుల కేసు నడుస్తుంటే హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద అందులోనే పిల్లల ఖర్చులు అడగవచ్చు. గృహహింస చట్టం కింద కూడా అడగవచ్చు. రెండు మూడు చోట్ల వేస్తే మాత్రం ఒకచోట వచ్చిన ఆర్డరును మరోచోట దాచకూడదు. ఒకదానిలో వచ్చే మొత్తాన్ని మరొకదానిలో లెక్కలోకి తీసుకుంటారు.

భర్త ఉన్న ఊరికే వెళ్లి కేసు వేయనవసరం లేదు. భార్య నివసించే జిల్లాలోనూ వేయవచ్చు. వకీలుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. సాధారణంగా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. స్త్రీలకు, పిల్లలకు ఉచిత న్యాయసహాయానికి ఆదాయ పరిమితి లేదు. ఫోనులో అడగాలంటే 15100. ఉద్యోగం చేస్తున్న తల్లులు "నాకు జీతం ఉంది కదా, నాకెక్కడ ఇస్తారు" అని వెనుదిరగడం చాలాసార్లు చూశాను. జీతం అడ్డు కాదు, వెళ్లి అడగండి.

ఇక అసలు పని. అర్జీతో పాటు ఆస్తులు, ఆదాయం, అప్పుల వివరాలతో ఇద్దరూ అఫిడవిట్ వేయాలి. 2020 నవంబరు 4న రజ్నేష్–నేహ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఇది దేశమంతటా తప్పనిసరి అయింది. వ్యవసాయం మీద బతికేవారికి వేరే నమూనా ఉంది. అందులో భూమి ఎంత, మాగాణా మెట్టా, ఏ పంట వేస్తారు, కౌలుకు ఇచ్చారా, పశువులు ఎన్ని అని అడుగుతారు. పొలం ఉన్నవారు పట్టాదారు పాసు పుస్తకం, అడంగల్ నకలు పెట్టాలి. తెలంగాణలో దాన్నే పహాణీ అంటారు. "నాకు ఆదాయమేమీ లేదండీ" అని రాసిచ్చి, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో నెలకు మూడుసార్లు పెట్రోలు, రెండుసార్లు హోటలు ఖర్చు కనబడిన మహానుభావులను చాలామందిని చూశాను. జడ్జిగారు కళ్లజోడు సవరించుకుని ఆ స్టేట్‌మెంట్ వైపు చూశారంటే మాకు తెలిసిపోయేది.

పిల్లల ఖర్చు రాసేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది. "నెలకు ఇరవై వేలు కావాలి" అని గుండుగుత్తగా రాస్తారు. అలా రాస్తే అవతలివారు "ఆరు వేలు చాలు" అంటారు. అది బేరమవుతుంది గానీ లెక్క కాదు. మా కోర్టుకు ఒక టైలరమ్మ వచ్చేది. ఆమె వేసిన పట్టిక లాంటిది మళ్లీ నేను చూడలేదు. బట్ట కొలిచినట్టే ఖర్చు కొలిచింది. అంకెలు నావి, పద్ధతి ఆమెది. ఏడేళ్ల పాప అనుకోండి. స్కూలు ఫీజు ఏడాదికి 42,000, అంటే నెలకు 3,500. ఆటో 1,200. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు ఏడాదికి 9,600, నెలకు 800. పాలు రోజుకు 35 చొప్పున 1,050. తిండి 3,000. ఇంటి అద్దె 9,000 ఉంటే, ఉండేది ముగ్గురు కాబట్టి పాప వాటా 3,000. ట్యూషన్ 800. మందులకు 500. బట్టలకు, పండగకు 400. మొత్తం 14,250. ప్రతి అంకె వెనుక రసీదో, అద్దె ఒప్పందమో, డాక్టరు చీటీయో పిన్ను కొట్టి పెట్టింది. పాలకు రసీదు ఉండదు కదా అని పాలవాడు గీతలు గీసే క్యాలెండరు కాగితాన్నే చించి జతచేసింది. అవతలి వకీలుగారు ఆ కాగితం తిరగేసి నవ్వాడు, ఆ అంకె మీద మాత్రం ఏమీ అనలేదు.

ఆ మొత్తంలో ఎవరి వాటా ఎంత? తల్లి కూడా సంపాదిస్తుంటే ఇద్దరి మీదా పడుతుంది. పద్మజా శర్మ కేసులో (2000) తండ్రి జీతం తల్లి జీతానికి రెట్టింపు ఉండడంతో సుప్రీంకోర్టు ఖర్చును అదే నిష్పత్తిలో పంచింది. పై లెక్కలో తండ్రికి 48,000, తల్లికి 24,000 వస్తుంటే తండ్రి వాటా 9,500, తల్లి వాటా 4,750. ప్రతి జడ్జిగారూ ఇలాగే భాగించాలనే నియమం లేదు. అయినా ఇద్దరూ బల్ల దగ్గర కూర్చుని రాజీ మాట్లాడుకునేటప్పుడు ఇంతకంటే మర్యాదైన మొదలు లేదు. పిల్ల తండ్రి దగ్గర పెరుగుతుంటే ఇదే లెక్క అటు తిరుగుతుంది. హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ తండ్రితో పాటు తల్లి మీదా బాధ్యత పెట్టింది.

మధ్యంతర భరణం సంగతి మరవకండి. అసలు కేసు తేలేదాకా నెలనెలా ఎంతో కొంత ఇప్పించమని అడిగే అర్జీ అది. నోటీసు అందిన అరవై రోజుల్లో దాన్ని తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. మా బెంచి మీద దస్తాల ఎత్తు చూసినవారికి ఆ అరవై ఎలా సాగుతుందో చెప్పనక్కరలేదు. అయినా అడగాల్సిందే.

ఇచ్చేవారికి

కోర్టు చివరికి మనోవర్తిని అర్జీ వేసిన తేదీ నుంచి ఇప్పిస్తుంది. ఇదీ ఆ 2020 తీర్పులోని మాటే. అంటే కేసు ఇరవై నెలలు నడిచి, నెలకు 8,000 అని ఆర్డరు వస్తే, ఆ రోజుకే లక్షా అరవై వేలు మీ నెత్తిన ఉంటుంది. అందుకని నోటీసు అందిన నెల నుంచే మీకు న్యాయమనిపించినంత బ్యాంకు ద్వారా వేయడం మొదలుపెట్టండి. ఆర్డరు వచ్చాక ఆ మొత్తాన్ని మినహాయించమని అడగవచ్చు. "ఒప్పుకున్నట్టు అవుతుందేమో" అని భయపడి ఆగినవారే తర్వాత ఇబ్బంది పడ్డారు. బిడ్డ మీదే అని ఒప్పుకోవడానికి భయమెందుకో నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

డబ్బు బ్యాంకు నుంచి బ్యాంకుకే వెళ్లాలి. పంపేటప్పుడు వివరం రాసే చోటు ఖాళీగా వదలకండి. "జూన్ నెల మనోవర్తి", పక్కన కేసు నంబరు. అంతే చాలు. ఒక తండ్రి ప్రతి నెలా సరిగ్గానే వేశాడు గానీ ఆ చోట రకరకాలుగా రాశాడు. ఒకసారి "చేబదులు", ఒకసారి "పండగ", ఒకసారి ఏమీ లేదు. విచారణలో అవతలివారు "చేబదులు తీర్చాడండీ, అది మనోవర్తి కాదు" అన్నారు. మూడు వాయిదాలు దాని మీదే గడిచాయి. జీతం పడిన రెండు మూడు రోజులకు దానంతట అదే వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టించుకుంటే మరుపు ఉండదు, కోపం వచ్చిన నెలలో చేయి ఆగడమూ ఉండదు.

నగదు ఇవ్వక తప్పకపోతే రసీదు రాయించుకోండి. తేదీ, ఏ నెలది, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ, కేసు నంబరు. సంతకం ఎవరికి ఇవ్వాలని ఆర్డరులో ఉందో వారిదే. అన్నయ్యది, మేనమామది, పక్కింటి పిన్నిది పనికిరాదు. 5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అతికించి దాని మీద సంతకం. ఆమె తీసుకోనంటే, ఖాతా మూసేసిందంటే, డబ్బు జేబులో పెట్టుకుని కూర్చోవద్దు. కోర్టులో జమ చేయడానికి అనుమతి అడిగి, మెమో వేసి, దాని నకలు దాచుకోండి.

మీరు నేరుగా స్కూలు ఫీజు కట్టినా, సైకిలు కొనిపెట్టినా దానంతట అది మనోవర్తిలో తగ్గదు. అలా తగ్గించుకోవచ్చని ఆర్డరులోనో, రాజీ పత్రంలోనో ఉండాలి. లేకపోతే అది మీ ముచ్చట కింద జమ. ఉద్యోగం పోయినా, జీతం తగ్గినా మీ అంతట మీరు సగానికి తగ్గించి పంపకండి. ఆర్డరు మార్చమని అదే నాగరిక్ సురక్షా సంహిత 146వ సెక్షన్ కింద అర్జీ వేయండి, అదీ వెంటనే. ఆరు నెలలు ఆగి వేస్తే ఆ ఆరు నెలలూ పాత అంకే నడుస్తుంది.

ఇంకొకటి. "పిల్లను చూపించడం లేదు, కాబట్టి డబ్బు ఇవ్వను." ఈ వాక్యం మా కోర్టు గోడలకు కంఠస్థం. దీనికి జతగా ఆవిడ నోటి నుంచి వచ్చే వాక్యం: "డబ్బు ఇవ్వడం లేదు, కాబట్టి చూపించను." రెండూ చెల్లవు. చూడటానికి వేరే అర్జీ, డబ్బుకు వేరే అర్జీ. ఒకదాన్ని మరొకదానికి తాకట్టు పెట్టిన ఫైళ్లే అన్నిటికంటే లావుగా తయారయ్యేవి.

పుచ్చుకునేవారికి

పిల్ల పేరున, మీరు సంరక్షకురాలిగా ఒక ఖాతా తెరవండి. అందులో మనోవర్తి తప్ప వేరే డబ్బు పడకుండా చూసుకోండి. పాసు పుస్తకం తెరిస్తే ఏ నెల వచ్చిందో, ఏ నెల రాలేదో రెండు నిమిషాల్లో తేలిపోవాలి. దానితో పాటు ఒక నోటు పుస్తకం: ఏ నెల, రావాల్సింది, వచ్చింది, వచ్చిన తేదీ. నాలుగు గళ్లు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. రాని డబ్బు కోసం వసూలు వారంటు అడగాలంటే ఆ డబ్బు ఇవ్వాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు అర్జీ వేయాలి. 144వ సెక్షన్‌లోనే ఈ గడువు ఉంది. చాలామంది తల్లులు "ఇస్తాడులే, పండక్కి వస్తానన్నాడు" అని ఆగుతారు. పద్నాలుగు నెలలు ఆగి వచ్చిన ఒకామెకు పన్నెండు నెలలకే వారంటు వచ్చింది. ముందున్న రెండు నెలలు గడువు దాటిపోయాయి. ఆమె అడిగిన ప్రశ్న నాకు గుర్తుంది: "ఆ రెండు నెలలు పిల్లాడు అన్నం తినలేదా మేడం?" నా దగ్గర జవాబు లేదు, గుమస్తా బల్ల దగ్గర అలాంటివాటికి జవాబు ఉండదు. అందుకే మొహమాటం పెట్టుకోకండి. మూడు నెలలు రాకపోతే నాలుగో నెలలో అర్జీ వేయండి. ఆ తర్వాత పేరుకునే బకాయిలకు మళ్లీ వేయండి.

బకాయి అర్జీలో నెలవారీ పట్టిక, పాసు పుస్తకం నకలు, ఆర్డరు సర్టిఫైడ్ కాపీ ఉండాలి. తగిన కారణం లేకుండా ఎగ్గొట్టినవారికి ప్రతి నెల బకాయికీ ఒక నెల దాకా జైలు వేయవచ్చు. అయితే ఒక అపోహ ఇక్కడ సరిచేయాలి. జైలుకు వెళ్లొస్తే బాకీ తీరిపోదు. సుప్రీంకోర్టు 1988లోనే ఈ మాట చెప్పింది. జైలు వసూలుకు ఒక మార్గమే గానీ చెల్లింపు కాదు. "వెళ్లొచ్చేస్తే పీడ పోతుంది" అని తల ఎగరేసి వెళ్లినవారు తిరిగొచ్చి అదే అంకె చూసి నీరుగారిపోవడం నా కళ్లతో చూశాను. ఆస్తి జప్తు, జీతం జప్తు కూడా ఉన్నాయి. సివిల్ డిక్రీ రూపంలో మనోవర్తి ఉంటే జీతంలో మూడింట రెండు వంతుల దాకా జప్తు చేయవచ్చు. ప్రభుత్వ ఉద్యోగి అయితే జీతాలిచ్చే ఆఫీసరు పేరు, హోదా సరిగ్గా రాసి ఇవ్వండి. అక్కడ ఒక అక్షరం తప్పితే కవరు తిరిగొస్తుంది, రెండు నెలలు పోతాయి. మీ కేసుకు గుర్తుగా కోర్టు ఇచ్చే పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఫోనులో ఎక్కించుకుంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీ మీకే కనబడుతుంది. దానికోసం గుమస్తా చుట్టూ తిరగనవసరం లేదు. మేమూ సంతోషిస్తాం.

రాజీ పడేటప్పుడు

పరస్పర అంగీకారంతో విడిపోయేవారి పత్రాల్లో "నాకూ, బిడ్డకూ ఏమీ అవసరం లేదు" అని తల్లి రాసిచ్చిన వాక్యాలు కనిపిస్తాయి. తన సంగతి ఎలా ఉన్నా, బిడ్డ హక్కు వదులుకునే అధికారం ఆమెకు లేదు. అలాంటి వాక్యం నమ్ముకుని తండ్రి నిశ్చింతగా ఉండకూడదు, అవమానం దిగమింగి తల్లి రాయకూడదు.

రాజీ పత్రంలో నేను కోరుకునేవి కొన్ని ఉన్నాయి. ప్రతి జూన్‌లో, బడులు తెరిచే నెలలో, మొత్తం ఎంత శాతం పెరగాలో ఇప్పుడే రాసుకోండి. రాసుకోకపోతే ఒకటో తరగతిలో వేసిన అంకె పదో తరగతి దాకా ఉండిపోతుంది, పెంచమని మళ్లీ కోర్టు మెట్లెక్కాలి. ఆసుపత్రి ఖర్చు వస్తే బిల్లు చూపిన ఎన్ని రోజుల్లో, ఎవరు ఎంత అన్నది రాయండి. చదువు మాట తప్పకుండా రాయండి. 144వ సెక్షన్ కింద పిల్లల హక్కు మామూలుగా పద్దెనిమిదేళ్లకు ఆగుతుంది. శారీరక, మానసిక వైకల్యం ఉండి సంపాదించుకోలేనివారికే ఆపైన. హిందూ కుటుంబాల్లో తనను తాను పోషించుకోలేని పెళ్లికాని కూతురికి మాత్రం హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ కింద పెళ్లయ్యే దాకా హక్కుంది. కొడుకు ఇంటర్ ముగించి ఇంజనీరింగ్‌లో చేరే వేళకు పద్దెనిమిది నిండుతాయి, అసలు ఖర్చు అప్పుడే మొదలవుతుంది. "డిగ్రీ పూర్తయ్యే వరకు" అన్న మూడు మాటలు రాజీలో ఉంటే ఆ గొడవే ఉండదు.

మనియార్డర్ల కాలంలో నేను మేజిస్ట్రేటు కోర్టులో చిన్న గుమస్తాను. ఫారం అడుగున కబురు రాసుకోవడానికి చిన్న కూపను ఉండేది. చాలామంది దాన్ని తిట్లకు వాడేవారు. ఒకాయన మాత్రం ప్రతి నెలా ఒకే ప్రశ్న రాసేవాడు, "పాపకు పళ్లు ఊడాయా?" అని. ఆయన నిజంగానే కొన్ని నెలలు ఎగ్గొట్టాడు. ఆమె వచ్చిన కూపన్లన్నీ దారంతో కుట్టి కోర్టులో దాఖలు చేసింది, లేని నెలల దగ్గర ఖాళీ తెల్ల కాగితం పెట్టి. జడ్జిగారికి లెక్క చూడటానికి ఐదు నిమిషాలు పట్టలేదు. నాలుగు తెల్ల కాగితాలు, నాలుగు నెలల బకాయి. ఆయన లేచి నిలబడి అంకె కూడా అడగకుండా ఒప్పుకున్నాడు. బయటికొచ్చాక వరండాలో ఆమె దగ్గరకు వెళ్లి ఏదో అడిగాడు. ఆమె పై పెదవి మీద వేలు పెట్టి రెండు అని చూపించింది.